తాడు ఎవరి చేతిల ఉంది

మొన్న ఆఫీసోళ్లు టీమ్ అవుటింగ్ అని సిటీ బయట ఒక రిసార్టుకు తీస్కపోయిండ్రు. అక్కడ జిప్ లైన్ ఉంది. నడుముకు బెల్టు కట్టే పిల్లగాడు కారబైనర్, అదే స్క్రూ ఉండే ఇనుప కొక్కెం, తగిలించి "అయిపోయింది మేడం, దుంకుండ్రి" అన్నడు. నాకు తెల్వకుండనే నా చెయ్యి పోయి ఆ కారబైనర్ స్క్రూ పట్టుకుంది, తిప్పింది, రెండుసార్లు గుంజి చూసింది. చూస్తే స్క్రూ సగం తెరిచే ఉండె. పిల్లగాడు నా మొఖం చూసి "ట్రెక్కింగ్ చేస్తరా మేడం" అన్నడు. లేదు తమ్మీ, ఎప్పుడో తొమ్మిదో తరగతిల భువనగిరి గుట్ట మీద ఐదు రోజులు ఉన్న, గంతే అన్న. ఎనక లైన్ల ఉన్నోళ్లు తొందర పెడుతుండ్రి, అందుకే అక్కడ ఇంకేం చెప్పలే. ఆ చెప్పనిది రెండు రోజుల సంది కడుపుల తిరుగుతనే ఉంది, ఇగ ఇక్కడ రాస్తున్న.

మాది చండూరు దగ్గర ఊరు. నేను సదివింది గురుకులంల, హాస్టలూ బడీ ఒక్కటే. 2014 మే నెల 25న పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది గదా, మలావత్ పూర్ణ, నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, అప్పటికి ఆమెకు పదమూడేళ్ల పదకొండు నెలలు. ఆమెతోని ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ కూడా ఎక్కిండు. ఇద్దరూ మా లెక్కనే గురుకులం పిల్లలు. మాకు ఎండాకాలం సెలవులు, నేను ఊర్లనే ఉన్న. మా నాయిన కల్లు పోసే కాడ ఎవరో పేపర్ తెస్తే అండ్ల ఫోటో చూసిన. వారం తిరగంగనే జూన్ 2, తెలంగాణ వచ్చింది, ఊరంతా రంగులు చల్లుకునుడు. ఆ రెండు సంతోషాలు నా యాదిల ఒకదాంట్ల ఒకటి కలిసిపోయినయి, ఇప్పటికీ పూర్ణ అంటే నాకు గులాబీ రంగు మతికొస్తది, ఎందుకో తెల్వది.

బడి తెరిచినంక ఆ ఏడంతా మాకు అదే ముచ్చట. పూర్ణ మొదలు తాడు పట్టింది హిమాలయాలల్ల కాదు మన భువనగిరి బండ మీద, ఆ తర్వాతనే డార్జిలింగ్, లడఖ్ అని పీఈటీ మేడం ప్రేయర్ల చెప్పేది. భువనగిరి అంటే అప్పుడు మా నల్లగొండ జిల్లానే. 2016 దసరాకు కొత్త జిల్లాలైనప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా అని ఏరుపడ్డది. మన జిల్లాల బండ ఎక్కి ఒక పిల్ల ఎవరెస్ట్ దాకా పోయిందంటే మాకు ఎంత మిడిసిపాటు ఉంటదో మీరే చెప్పుండ్రి.

2015 జనవరి ఆఖర్ల మా దాంట్లకెళ్లి కొంతమందిని ఐదు రోజుల ట్రైనింగుకు తీసుకున్నరు. పరుగు పెట్టించి, పుషప్స్ తీపిచ్చి, ఎత్తంటే భయమా అని అడిగిండ్రు. భయం లేదని గట్టిగ ఒర్రినోళ్లల్ల నేను ఫస్టు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఒక్కటే లొల్లి, ఆడపిల్ల కాలో చెయ్యో ఇరగ్గొట్టుకుంటే రేపు ఎవడు చేసుకుంటడు అని. నాయిన ఫోన్ గుంజుకొని "మనింట్ల ఎక్కుడు కొత్తనా ఏంది, పోనియ్యి" అన్నడు.

మా నాయిన గీత పని చేస్తడు. తాడిచెట్టు ఎక్కే మోకు ఎట్లుంటదో చూసినోళ్లకు చెప్పే అవసరం లేదు. చూడనోళ్లకు చెప్తున్న, చెట్టు సుట్టు, మనిషి నడుము సుట్టు కలిపి తిరిగే లావు తాడు అది. కాళ్లకు గుజి అనే తాడు బంధం, ఎనక నడుముకు కత్తులు, కల్లు లొట్టి. చెట్టుకూ మనిషికీ నడుమ ఆ మోకు తప్ప ఏం ఉండదు. పొద్దుగాల చీకట్ల లేచి నాయిన ముందుగాల చేసే పని, ఆ మోకును వాకిట్ల యాప చెట్టుకు ఏసి ఎనకకు ఒరిగి రెండుసార్లు గుంజుడు. గుంజి చెవి పెట్టి ఇంటడు. "తెగే తాడు ముందుగాల చప్పుడు చేస్తది బిడ్డా" అంటుండె. నేను నిద్రల ఉండి కూడా ఆ రెండు గుంజుళ్లు లెక్క పెట్టేదాన్ని. రెండోది ఇనబడ్డంకనే మళ్ల కన్ను మూసేది.

అందుకే భువనగిరి పోయేటప్పుడు నా నెత్తిల గుబులు లేదు, పొగరే ఉంది. తాడు గురించి నాకు ఎవరు నేర్పేది అని.

నార్కట్‌పల్లి, చిట్యాల, రామన్నపేట, వలిగొండ మీదకెళ్లి బస్సు పోయింది. అమ్మ సంక్రాంతికి చేసిన సకినాలు స్టీలు డబ్బల పట్టక ప్లాస్టిక్ సంచిల పోసుకున్న, చిట్యాల దాటేవరకే సగం పొడి అయినయి, ఆ పొడినే అందరం చిటికెడు చిటికెడు తిన్నం. భువనగిరి దగ్గర పడంగ ఒక్కసారి కిటికీల ఆ బండ కనబడ్డది. గుట్ట అంటే మాకు రాళ్ల మీద రాళ్లు పేర్చినట్టు ఉండేటియి తెలుసు, చెట్లు, పొదలు, మేకలు. ఇది అట్ల కాదు, పెద్ద గుండిగ బోర్లేసినట్టు ఒక్కటే బండ, ఐదు వందల అడుగుల ఎత్తు. మీద కోట. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టిచ్చిండని, ఆయన పేరు మీదనే త్రిభువనగిరి అయి అదే భువనగిరి అయిందని కోచ్ సారు తర్వాత చెప్పిండు. అప్పుడైతే బస్సుల ఉన్న పోరిలందరం ఒక్క నిమిషం సప్పుడు లేకుండ అయినం.

మాకు పేర్లతోని పిలుసుకునే అలవాటు లేకుండె, అక్కడ ఇంకెక్కడెక్కడి బడులకెళ్లో వచ్చిన పిల్లలు కలిసిండ్రు కాబట్టి ఊరి పేరే మనిషి పేరు. నేను చండూరు. ఒకామె మక్తల్, ఒకామె కొల్లాపూర్. నాతోని బాగ కలిసింది మన్ననూరు. నల్లమలల శ్రీశైలం పోయే తొవ్వల ఫారెస్టు చెక్‌పోస్టు ఉంటది చూడుండ్రి, రాత్రి తొమ్మిది అయితే బండ్లు ఆపుతరు, అగో ఆ మన్ననూరు. చెంచుల పిల్ల. సన్నగ ఉంటది, మాట తక్కువ, బండ మీద చెయ్యి ఏస్తే మాత్రం బల్లి లెక్క పోతది. ఇంకొకామె మర్రిగూడ. ఆమె పండ్ల మీద పసుపు గార, మోకాళ్లు నొప్పి, కింద కూసుంటే లేసుటానికి ఎవరి చెయ్యన్నా పట్టుకోవాలె. మా నల్లగొండోళ్లకు చెప్పక్కర లేదు, బోరు నీళ్ల ఫ్లోరైడు. భగీరథ నల్లలు ఇంకా రాలే అప్పటికి. ఆమెను ఎవరు సెలెక్ట్ చేసిండ్రు, ఎట్ల వచ్చింది అని మేము గుసగుస పెట్టుకున్నం. తప్పే, కానీ పెట్టుకున్నం.

ఫస్టు రోజు బండే ఎక్కనియ్యలే. పొద్దంత ముడులు. ఫిగర్ ఆఫ్ ఎయిట్ అనే ముడి ఏసుడు, విప్పుడు, మళ్ల ఏసుడు, ఆఖరుకు కండ్లు మూసుకొని ఏసుడు. తాడు మీద కాలు పెడితే పది గుంజీలు. ఎందుకు సార్ తాడే గదా అని నేనే అడిగిన. ఆయన ఒక పాత తాడు ముక్క కోసి చూపెట్టిండు, పైన రంగుల తొడుగు, లోపల తెల్లటి పోగులు జడ లెక్క. "పైన కనబడేది తోలు, లోపల ఉన్నది ప్రాణం. నువ్వు కాలు పెడితే ఇసుక రవ్వ తోలు దాటి లోపలికి పోతది, అక్కడ కూసొని రోజుకింత కోస్తది, నీకు కనబడది" అన్నడు. మోకు సంగతి తెలిసిన నాకు గది కొత్తనే.

రెండో రోజు బండ మీద నడక. నున్నటి బండ, పట్టుకుందామంటే సందు లేదు, అంచు లేదు. భయపడ్డ మనిషి ఏం చేస్తడు, బండకు అతుక్కొని పండుతడు. అట్ల పండితేనే జారుతవ్ అంటడు సారు. కడుపు బండకు దూరం పెట్టు, నిలవడు, మడమలు కిందికి వొంచు, బరువంత పాదం మీద ఎయ్యి, అప్పుడు బూటు బండను పట్టుకుంటది. చెప్పుడు అలకనే. ముప్పై అడుగుల ఎత్తు మీద కడుపు బండకెళ్లి జరిపి నిటారుగ నిలబడుమంటే పానం గోసులకొస్తది. పొద్దుగాల ఆరింటికి ఆ బండ మంచుగడ్డ లెక్క ఉంటది, పదకొండు దాటితే పెంకు, అరచేతులు చుర్రుమంటయి. మన్ననూరు మాత్రం చెప్పులు లేని కాళ్లతోని ఎక్కుత అని గొడవ పెట్టుకుంది సారుతోని. ఒప్పుకోలే.

రోజుకు ఒకలను లీడర్ చేస్తుండ్రి. లీడర్ అంటే ఏం లేదు, అందరికంటే ముందు లేవాలె, సామాను లెక్క పెట్టాలె, నీళ్ల క్యాన్లు మోపియ్యాలె, అందరూ తిన్నంక ఆఖరుకు తినాలె. కొల్లాపూర్ లీడర్ అయిన నాడు గుడ్లు ఒకటి తక్కువ పడ్డయి, ఆమెకు ఉత్త పులుసే దొరికింది, పాపం ఏడ్వకుండ తిన్నది.

మూడో రోజు నేను లీడర్.

ఆ రోజు తాడుతోని ఎక్కుడు. తాడు పైన బండకు బిగించిన యాంకర్ల నుంచి తిరిగి వస్తది, ఒక కొస ఎక్కేటోళ్ల నడుముకు, ఇంకో కొస కింద నిలవడ్డోళ్ల దగ్గర. కింద పట్టుకునుడును బిలే అంటరు. వాళ్లు ఎక్కిన కొద్దీ వదులైన తాడు గుంజుకుంట ఉండాలె, కుడి చెయ్యి మాత్రం ఏమైనా గానీ ఇడువొద్దు. బిలే చేసేటోళ్ల ఎనక ఇంకొకలు తాడు తోక పట్టుకొని ఉంటరు, ఎందుకైనా మంచిదని. అది ఎవరికీ ఇష్టం లేని పని, ఎండల నిలవడుడు తప్ప ఏం ఉండదు, అందుకే పొద్దంత మర్రిగూడకే ఇచ్చిండ్రు. ఆమె మోకాళ్లతోని ఎక్కలేదు గదా, కనీసం తాడన్నా పట్టుకోనియ్యి అని.

మన్ననూరు ఎక్కుతుంది, నేను బిలే చేస్తున్న. ఆమె ఇరవై అడుగుల మీద ఉంది. అప్పుడే కింద నీళ్ల క్యాను దగ్గర ఇద్దరు పోరిలు కొట్లాట పెట్టుకున్నరు, నేను ముందు అంటే నేను ముందు అని. నేను లీడర్ని గదా. మెడ తిప్పి "ఏయ్, ఏందే మీ లొల్లి, లైన్ల నిలవడుండ్రి" అని ఒర్రిన. నా గొంతు బండకు తగిలి మళ్ల నాకే ఇనబడ్డది, ఆ సప్పుడు నాకు మంచిగనిపించింది కూడా. ఏలు చూపెట్టి బెదిరిచ్చుటానికి చెయ్యి లేపిన. ఏ చెయ్యి అనేది మీకు అర్థమయ్యే ఉంటది.

బండ మీద బూటు గీసుకపోయిన సప్పుడు ఇనబడ్డది. నా అరచేతిలకెళ్లి తాడు పాము లెక్క సర్రున పోయింది. నేను పట్టుకోలే. పట్టుకుందామనే ఆలోచన వచ్చేలోపల అది ఆగిపోయింది. ఎనకకు తిరిగి చూస్తే మర్రిగూడ మొత్తం ఎల్లెలుకల ఒరిగిపోయి ఉంది, రెండు మడమలు మట్టిల దిగినయి, తాడు ఆమె తొడ సుట్టు, చేతుల సుట్టు తిరిగి ఉంది. లేసుటానికి మనిషి సాయం కావల్సిన పిల్ల అట్ల నిలవడ్డది. పైన మన్ననూరు ఒక నిలువు ఎత్తు జారి ఊగుతుంది, మోచెయ్యి దోక్కపోయింది, రక్తం కారుతుంది, అయినా ఒర్రలే. ఎవరూ ఒర్రలే. నీళ్ల క్యాను దగ్గరోళ్లు కూడా.

సారు ఉరికొచ్చి ముందుగాల మర్రిగూడ చేతులల్ల తాడు అందుకున్నడు, ఆమె అరచెయ్యి తిప్పి చూసిండు, ఎర్రగ కాల్చినట్టు గీత. "ఓకేనా బిడ్డా" అని పైకి అడిగిండు, మెల్లగ దింపిండు. అంతా అయినంక నా దిక్కు తిరిగిండు. తిడుతడు, ఇంటికి పంపుతడు అనుకున్న.

"ఇయ్యాల లీడర్ ఎవరు?"

చెయ్యి లేపిన.

"తాడు ఎవరి చేతిల ఉంది?"

ఏం చెప్పాలె. నోట్లకెళ్లి మాట రాలే. ఆయన ఇంకేం అనలే, మళ్ల ముడి ఎయ్యి అన్నడు గంతే. తిట్టిన బాగుండు అని ఆ రాత్రంత అనిపిచ్చింది.

మేం పండుకునేది ఒక బడి హాలుల, కింద జంపఖానలు, మీద రగ్గులు. ఆ రాత్రి అన్నం లీడర్‌గ ఆఖరుకు తినాల్సి వచ్చింది, తినబుద్ధి కాలే, గుడ్డు తీస్కపోయి మన్ననూరుకు ఇచ్చిన. ఆమె సగం చేసి సగం మర్రిగూడకు పెట్టింది. సారీ చెప్పిన. ఊకో అన్నది. జరసేపైనంక చీకట్ల తనే మొదలు పెట్టింది. వాళ్ల తాత కొండ చరియలకు తేనె తీసేటోడట. పైన చెట్టుకు తాడు కట్టి, చరియ మీదకెళ్లి కిందికి దిగి, పొగ పెట్టి తేనె కోస్తరు, కిందికి చూస్తే లోయ. పైన ఆ తాడు కాడ బావమరిది కూసోవాలె, ఇంకెవ్వరినీ కూసోనియ్యరు అన్నది. ఎందుకే అంటే, "ఆయన అక్కకే గదా తాళి కట్టింది. తాడు ఇడిస్తే ఆయన అక్కనే ముండమోస్తది, అందుకని ఇడవడు" అన్నది. మేం నవ్వినం. ఆమె నవ్వలే. "మా అవ్వ తమ్ముడు పట్టుకునేటోడు. పట్టుకున్నంక బీడీ కూడా తాగకపోతుండె" అన్నది.

అది నన్ను అన్నదో, ఉత్తగనే చెప్పిందో నాకు ఇప్పటికీ తెల్వదు.

నాలుగో రోజు రాపెల్లింగ్, అంటే తాడు మీద బండ దిగుడు. అంచు మీద ఎనకకు తిరిగి నిలవడి, ఏం లేని గాలి మీద కూసున్నట్టు ఒరగాలె, ఆ మొదటి అడుగే అసలు పరీక్ష, తర్వాత అంతా నడకనే. దిగేటప్పుడు ఇంకో సేఫ్టీ తాడు ఉంటది, దాన్ని పైన ఒకలు పట్టుకుంటరు. ఎవరు పట్టుకోవాల్నో మీరే చెప్పుండ్రి అన్నడు సారు. మన్ననూరు నన్ను చూడనే లేదు. "మర్రిగూడ" అన్నది. నా కడుపుల ఏదో పిండినట్టయింది, దోస్తును నేను గదా, పక్కల పక్క పండుకున్నది నేను గదా. మక్తల్ కూడా మర్రిగూడనే అన్నది. కొల్లాపూర్ కూడా. చేతికి గుడ్డ సుట్టుకొని ఆ పిల్ల పొద్దంత అక్కడనే కూసున్నది. నా వంతు వచ్చింది, నేనూ మర్రిగూడ అన్న. అప్పుడు నవ్వింది. ఎప్పుడూ పెదవులు మూసుకొని నవ్వేది, పండ్లు కనబడొద్దని. ఆనాడు పండ్లన్ని కనబడంగ నవ్వింది.

ఆఖరు రోజు కోట పైకొస, బాలాహిసార్ దాకా పోయినం. మీదకెళ్లి చూస్తే కాజీపేట దిక్కు పోయే రైలు ఆట బొమ్మ లెక్క, డబ్బాలు లెక్క పెట్టినం, ఒక్కొక్కరికి ఒక్కో లెక్క వచ్చింది, దాని మీద కూడా కొట్లాడుకున్నం. మా బ్యాచ్ల నుంచి హిమాలయాలకు ఎవరూ పోలే. టెన్త్ వచ్చింది, ఇగ పుస్తకాలల్ల పడ్డం.

ఊరికి పోయినంక జరిగింది నాయినకు చెప్పిన. అమ్మకు చెప్పలే, ఇప్పటికీ తెల్వదు. నాయిన మోకుకు నూనె రాసుకుంట ఇన్నడు. చాలాసేపు ఏం అనలే. ఆఖరుకు "చెట్టెక్కినంక నా తాడు నేనే పట్టుకుంట బిడ్డా. ఇంకొకల పానం చేతిల పెట్టుకునుడు నాకూ రాదు" అన్నడు. నలబై ఏండ్లు చెట్లెక్కిన మనిషి.

రిసార్టుల మధ్యాహ్నం తిన్నంక ట్రైనర్ స్లైడులు ఏసిండు. ఇట్లాంటి శిక్షణలకు మూలం అవుట్‌వార్డ్ బౌండ్ అట, కర్ట్ హాన్ అనే ఆయన 1941ల వేల్స్‌ల అబెర్‌డోవి అనే సముద్రపు ఒడ్డు ఊర్ల మొదలు పెట్టిండట. రెండో ప్రపంచ యుద్ధంల ఓడలు మునిగినప్పుడు బలంగున్న పడుసు పిల్లలు సచ్చిపోతుండ్రి, ముసలి నావికులు బతుకుతుండ్రి, అందుకని పిల్లలకు కష్టం ఓర్సుకునుడు నేర్పిద్దామని పెట్టిండ్రట. ఆ ముచ్చట నాకు నచ్చింది, ఇంకా చెప్తడేమో అని ముందుకు జరిగి కూసున్న. ఆయన మాత్రం బటన్ ఒత్తి "లీడర్‌కు ఉండాల్సిన ఐదు లక్షణాలు" అనే స్లైడుకు పోయిండు. తర్వాత ఒకలు ఎనకకు పడుడు, మిగిలినోళ్లు పట్టుకునుడు. మా మేనేజర్ పడ్డడు, ఎనిమిది మంది ఉరికిండ్రు పట్టుకుందామని. గట్ల అయితే ఎవరైనా పట్టుకుంటరు.

2024 జూలైల ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం అని కిట్లు ఇచ్చుడు మొదలు పెట్టింది. మా నాయినకు తర్వాత వచ్చింది. నేను ఇంటికి పోయిన రోజు ఆ సంచి వాకిట్ల గుమ్మరిచ్చిండు, నడుముకు బెల్టు, తాళ్లు, కొక్కేలు. "గిది ఏందో చూడు బిడ్డా, ట్రైనింగుల చెప్పిండ్రు గని సగం మర్సిపోయిన" అన్నడు. కొక్కెం చేతిల పెట్టుకోంగనే పదేండ్ల కిందటి బరువు మళ్ల తెలిసింది. స్క్రూ ఎట్ల తిప్పాల్నో చూపెట్టిన. ఆయన దాన్ని యాప చెట్టుకు తగిలించి అలవాటు కొద్దీ రెండుసార్లు గుంజి చెవి పెట్టిండు. "దీనికి సప్పుడే లేదు గదనే, ఎట్ల నమ్మాలె" అని నవ్విండు.

ఫోటో తీసి మన్ననూరుకు వాట్సాప్ చేసిన. ఆమె ఇప్పుడు అచ్చంపేట దిక్కు నర్సుగ చేస్తుంది, మర్రిగూడ నంబరు మాత్రం ఇద్దరి దగ్గరా లేదు, పెండ్లయి ఎటో పోయిందని ఇన్నం, ఎవరికన్నా తెలిస్తే చెప్పుండ్రి. సాయంత్రం దాకా టిక్కు ఒక్కటే ఉండె, వాళ్లకు సిగ్నల్ అట్లనే ఉంటది. రాత్రికి రిప్లై వచ్చింది.

"మంచిగుంది. తాడు ఎవరు పట్టుకుంటరే?"

ఎవరు పట్టుకునే పని లేదు, జారితే దానంతట అదే ఆగుతది అని రాసిన. టైపింగ్ అని చానసేపు చూపెట్టింది, ఆగింది, మళ్ల చూపెట్టింది. ఆఖరుకు ఒక గుడ్డు బొమ్మ పంపింది.